రైఫిల్ కింద ట్రైపాడ్: కదలిక ఎక్కడ మొదలవుతుంది?

నిలబడి కాల్చే మనిషి రైఫిల్ బట్‌ని (వెనక చివరని) భుజానికి ఆనించి, ముందు భాగాన్ని ట్రైపాడ్‌కి (మూడు కాళ్ల స్టాండ్‌కి) బిగించాడనుకుందాం. భుజానికీ ట్రైపాడ్‌కీ మధ్య దూరం సుమారు 50 సెంటీమీటర్లు. ట్రైపాడ్ తల అర మిల్లీమీటరు పక్కకి జరిగితే చాలు, గురి ఒక మిల్లీరేడియన్ (దూరంలో వెయ్యో వంతు పక్కకి పోయేంత కోణం) తప్పుతుంది. అది 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 500 మీటర్ల దగ్గర అర మీటరు. బ్యాంకు కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువ కదలికకే తూటా టార్గెట్ పక్కనుంచి వెళ్లిపోతుంది. కొనే ముందు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే, ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే అంకెల్లో సగం పట్టించుకోనక్కర్లేదని తెలిసిపోతుంది.

ఆ అంకెల్లో అందరూ ముందు చూసేది "ఎన్ని కిలోలు మోస్తుంది" అన్నది. పోటీల్లో వాడే బరువైన రైఫిల్, గురి చూసే దుర్భిణి అయిన స్కోప్‌తో కలిపి 8 నుంచి 11 కిలోల దాకా ఉంటుంది. వేటకి వాడేదైతే 4, 5 కిలోలు. 25 కిలోలు మోస్తుందని రాసి ఉన్న ట్రైపాడ్ దీనికి కూలబడిపోదు. కానీ ఆ అంకె తీసే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. పైగా అది నిట్టనిలువుగా, నెమ్మదిగా పెట్టిన బరువు లెక్క. రైఫిల్ వెనక ఉన్న మనిషి నిలువుగా నొక్కడు. ముందుకి ఒరుగుతాడు, భుజంతో నెడతాడు, ఊపిరి తీస్తాడు, గురి కోసం పక్కకి తిప్పుతాడు. ఆ తర్వాత తూటా పేలగానే రీకాయిల్ వచ్చి వెనక్కి తోస్తుంది. ఇవన్నీ అడ్డంగా, మెలితిప్పినట్టు పడే బలాలు. ట్రైపాడ్ ఎంత మోస్తుందన్నది కాదు, ఈ బలాలకి ఎంత తక్కువ వంగుతుందన్నది చూడాలి. ఆ సంగతి డబ్బా మీద రాసి ఉండదు.

అసలు ట్రైపాడ్ ఈ ఆటలోకి వచ్చిందే కెమెరా సామాను నుంచి. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో ఇలాంటి ఆధారానికి చోటే లేదు. నగరాల్లో పనిచేసే సైనిక స్నైపర్లు కిటికీకి బాగా వెనక, గది లోపలి నుంచి కాల్చాల్సి వచ్చినప్పుడు, వీడియో తీసేవాళ్లు వాడే ట్రైపాడ్ మీదే రైఫిల్ పెట్టుకున్నారు. 2012లో అమెరికాలో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ లాంటి పోటీల్లో బారికేడ్లు, గోడలు, టైర్ల మీద నుంచి తక్కువ టైములో కాల్చాల్సి రావడంతో ఇది పోటీ సామానులోనూ చేరింది. ఆ కెమెరా వారసత్వం వల్ల మేలు జరిగింది, చిక్కూ వచ్చింది. కెమెరా ట్రైపాడ్ మీదున్న వస్తువుని ఎవరూ నెట్టరు. రైఫిల్‌ని నెట్టకుండా ఎవరూ కాల్చలేరు.

కొనే ముందు తేల్చుకోవాల్సింది దాన్ని ఎలా వాడతామన్నది. వాడకం ప్రధానంగా మూడు రకాలు. రైఫిల్‌ని నేరుగా ట్రైపాడ్‌కి బిగించి నిలబడి, కూర్చుని, మోకాళ్ల మీద కాల్చడం ఒకటి. ముందు భాగాన్ని బారికేడ్ మీద సంచిలో పెట్టి, వెనక బట్ కిందో మోచేతి కిందో ట్రైపాడ్‌ని ఆసరాగా వాడటం రెండోది. బైనాక్యులర్, స్పాటింగ్ స్కోప్ (దూరపు టార్గెట్‌ని చూసే దుర్భిణి) పెట్టుకుని చూడటం మూడోది. మూడింటికీ ఒకటే ట్రైపాడ్ పనికొస్తుంది, నిజమే. కానీ మొదటిదానికి తగ్గది కొంటే మిగతా రెండూ దాంతో గడిచిపోతాయి. మూడోదానికి తగ్గది కొని మొదటి పని చేయిద్దామంటే కుదరదు.

వెనక ఆసరాగా వాడే పద్ధతి గురించి ఒక అపోహ ఉంది. అక్కడ ట్రైపాడ్ కదిలినా పెద్ద తేడా రాదని అంటుంటారు. కోణం లెక్క అక్కడా అదే. ముందు ఆధారం నుంచి 50 సెంటీమీటర్ల వెనక అర మిల్లీమీటరు కదిలితే తప్పేది అదే ఒక మిల్లీరేడియన్. తేడా ఉన్నది బలంలో. మనిషి ఒరిగే భారం ఎక్కువగా బారికేడ్ మీద, రీకాయిల్ ఎక్కువగా భుజం మీద పడతాయి. ట్రైపాడ్ మీద పడేది ఒక చెయ్యి బరువో, బట్ బరువో. అందుకే ఈ పనికి తేలికపాటి ట్రైపాడ్ కూడా బాగానే నిలబడుతుంది. నిలబడి కాల్చేటప్పుడు గురి వణకడం చూసి బెంబేలెత్తే కొత్తవాళ్లకి, ఉన్న ట్రైపాడ్‌నే వెనక్కి మార్చి చూడమని చెప్పడం చాలాసార్లు కొత్తది కొనమనడం కన్నా మంచి సలహా.

ఇక కాళ్ల సంగతి. గుండ్రటి గొట్టం వంగకుండా నిలిచే శక్తి, గోడ మందం ఒకేలా ఉంటే, వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 28 మిల్లీమీటర్ల గొట్టాన్నీ 36 మిల్లీమీటర్ల గొట్టాన్నీ పక్కపక్కన పెడితే కంటికి పెద్ద తేడా కనిపించదు. లెక్క వేస్తే రెండోది రెండు రెట్లకు పైగా బిర్రుగా ఉంటుంది. పొడవు దీనికి ఎదురు దిక్కున పనిచేస్తుంది: ఒక చివర పట్టి ఉంచిన గొట్టాన్ని రెండో చివర అదే బలంతో నెడితే, పొడవు రెట్టింపు అయినప్పుడు ఎనిమిది రెట్లు వంగుతుంది. కాలు పూర్తిగా చాచిన ట్రైపాడ్‌కీ, ఒక సెక్షన్ ముడిచిన అదే ట్రైపాడ్‌కీ మధ్య తేడా అంత ఉండటానికి కారణం ఇదే.

సెక్షన్లు ఎన్ని ఉండాలన్న చర్చ కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒక్కో సెక్షన్ పైదానికన్నా దాదాపు 4 మిల్లీమీటర్లు సన్నం. పైన 32 ఉంటే, మూడు సెక్షన్ల కాలు కింద 24 దగ్గర ఆగుతుంది, నాలుగు సెక్షన్లది 20కి దిగుతుంది. నేలని పట్టుకుని నిలవాల్సింది ఆ సన్నటి గొట్టమే. నాలుగు సెక్షన్ల ట్రైపాడ్ ముడిస్తే పొట్టిగా ఉంటుంది, సంచిలో ఇముడుతుంది. కొండలెక్కి తిరిగేవాళ్లకి ఆ సుఖం నిజంగా విలువైనదే. కారులోంచి దింపి కాల్పుల రేంజ్‌లో వాడుకునేవాళ్లకి మాత్రం మూడు సెక్షన్లదే మేలు. లాక్‌లు తక్కువ, లూజయ్యే చోట్లు తక్కువ, టైము నడుస్తున్నప్పుడు తిప్పాల్సినవీ తక్కువ.

అంకెల్లో చెప్పాలంటే, రైఫిల్‌ని బిగించి కాల్చేవాళ్లకి పై గొట్టం 32, 33 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బరువైన పోటీ రైఫిల్ అయితే 36 నుంచి 40 మధ్య చూడటం మంచిది. 28 మిల్లీమీటర్లది బైనాక్యులర్‌కి, వెనక ఆసరాకి సరిపోతుంది. అయితే వ్యాసం ఒక్కటే చూసి నమ్మేయకూడదు. కార్బన్ ఫైబర్ గొట్టంలో పోగులు ఏ దిశలో అల్లారన్నదాన్ని బట్టి అది మెలితిప్పుడుకి ఎంత ఆగుతుందో ఉంటుంది. అది పైకి కనిపించదు. 36 అని రాసి ఉన్న రెండు ట్రైపాడ్లు చేతికి రెండు రకాలుగా తగలడం మామూలే.

కార్బన్ ఫైబర్ ట్రైపాడ్‌ని మొదట తెచ్చింది గిట్జో కంపెనీ, 1994లో. కార్బన్ ఫైబర్ సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 1.6 గ్రాములు, అల్యూమినియంది 2.7. అంటే అదే బరువులో లావైన గొట్టం చేసుకోవచ్చు. రైఫిల్ విషయంలో దాని అసలు లాభం ఇంకోటి ఉంది: వణుకుని తొందరగా చంపేస్తుంది. అల్యూమినియం కాలిని వేలి గోటితో కొడితే ఖంగుమంటుంది, కార్బన్ కాలు టప్పుమని ఊరుకుంటుంది. ఆ చిన్న శబ్దంలోనే తేడా వినిపిస్తుంది. అలాగని అల్యూమినియంని తీసిపారేయనక్కర్లేదు. లావైన కాళ్లున్న అల్యూమినియం ట్రైపాడ్, సన్నకాళ్ల కార్బన్ ట్రైపాడ్ కన్నా చాలాసార్లు నయమే. దెబ్బ తగిలితే అల్యూమినియం సొట్టపడుతుంది, ఆ సొట్ట కంటికి కనిపిస్తుంది. కార్బన్ లోపల్లోపలే పొరలు విడిపోవచ్చు. రాయి మీద గట్టిగా పడ్డ కాలిని తర్వాత నాణెంతో పొడవునా తట్టి వినాలి. ఎక్కడైనా శబ్దం చప్పబడితే ఆ కాలిని మార్చడమే క్షేమం.

మధ్యలో పైకి లేచే నిలువు కడ్డీ ఉన్న ట్రైపాడ్ వద్దు. మూడు కాళ్లు తెచ్చిన కుదురంతా ఆ ఒంటి కడ్డీ మీద పోతుంది. ఆ కడ్డీ విప్పేసి వాడే వీలుంటే సరే.

కాళ్ల మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా చాలామంది కాళ్లు కలిసే చోటు మీద పెట్టరు. ట్రైపాడ్ బాగా మెలితిరిగేది అక్కడే. దీన్ని చేత్తోనే పరీక్షించవచ్చు. కాళ్లన్నీ చాచి, లాక్‌లు బిగించి, గట్టి నేల మీద నిలబెట్టాలి. ఒక చేత్తో పై పళ్లాన్ని పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పాలి. రెండో చేతి చూపుడు వేలిని కాలూ పైభాగమూ కలిసే కీలు మీద, సగం ఇటు సగం అటు ఉండేలా ఆనించాలి. కీలులో సందు ఉంటే కంటికి కనిపించని కదలిక కూడా వేలికి టిక్కుమని తెలుస్తుంది. అలాగే ఒక్కో లాక్ దగ్గరికీ వేలు జరుపుతూ పోవాలి. గొట్టం వంగడం మెత్తగా, స్ప్రింగులా తెలుస్తుంది. కీలు లూజు మాత్రం గతుకులా తగులుతుంది. వంగడం ఏ ట్రైపాడ్‌లోనైనా కొంత ఉంటుంది, దానికి చేతులు అలవాటు పడతాయి. గతుకుకి మాత్రం ఎవరూ అలవాటు పడలేరు, ఎందుకంటే అది ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంది. కీలు స్క్రూ బిగించినా గతుకు పోకపోతే ఆ ట్రైపాడ్ వదిలేయాలి.

దాని పైన, రైఫిల్‌ని కావలసినట్టు వంచి బిగించే హెడ్. ఇక్కడ రెండు దారులున్నాయి. బంతి మీద తిరిగే బాల్‌హెడ్ అయితే రైఫిల్‌ని ఎటైనా వంచుకోవచ్చు, ఎత్తుపల్లాల్లో ఉన్న టార్గెట్లని అందుకోవచ్చు. లెవెలింగ్ హెడ్ అయితే వంపు 15 డిగ్రీల చుట్టుపక్కలే దొరుకుతుంది కానీ ఎత్తు చాలా తక్కువ. ఆ ఎత్తు చిన్న విషయం కాదు. కాళ్ల పైన హెడ్ ఎంత ఎత్తుంటే భుజం నెట్టే బలానికి అంత పొడవైన మీట దొరికినట్టు. పొడుగ్గా, సన్నటి మెడతో ఉండే బాల్‌హెడ్లు ఫొటోలకి బాగుంటాయి, రైఫిల్ కింద నిలవవు. బాల్‌హెడ్ తీసుకుంటే బంతి పెద్దదిగా, మెడ పొట్టిగా, అడుగు వెడల్పుగా ఉన్నది చూడాలి. బిగించాక రైఫిల్ బరువుకి కొద్దికొద్దిగా జారుతుందేమో కూడా చూడాలి. స్కోప్‌లో ఒక చుక్క మీద పెట్టి బిగించి, చెయ్యి తీసేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ చూస్తే తెలిసిపోతుంది.

మైదానంలో, దాదాపు ఒకే ఎత్తులో ఉన్న టార్గెట్లకి లెవెలింగ్ హెడ్ చాలు. కొండల్లో కాల్చేవాళ్లకి బాల్‌హెడ్ తప్పదు. ఏది తీసుకున్నా రైఫిల్ పక్కకి ఒరగకుండా చూసుకునే వీలు ఉండాలి. స్కోప్‌లో 10 మిల్స్ (మిల్లీరేడియన్లు) ఎత్తు పెట్టుకున్న రైఫిల్ 3 డిగ్రీలు పక్కకి ఒరిగితే తూటా సుమారు అర మిల్ పక్కకి పోతుంది. 1000 మీటర్ల దగ్గర అది అర మీటరు. ట్రైపాడ్ మీద రైఫిల్ కుదురుగా ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి ఈ ఒరుగుడుని ఎవరూ అనుమానించరు. స్కోప్ మీద చిన్న బుడగ లెవెల్ పెట్టుకుంటే ఈ బాధ తీరిపోతుంది.

రైఫిల్‌ని హెడ్‌కి కలిపే క్లాంప్ దగ్గర డబ్బు వృథా అయ్యే అవకాశం ఎక్కువ. రైఫిల్ కింద పొడవునా వచ్చే సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు రైల్‌ని అందరూ ఆర్కా అనే అంటారు. ఆర్కా స్విస్ కంపెనీ కెమెరాల కోసం తెచ్చిన ఆకారం అది. తుపాకుల మీద సామాను బిగించే పికటినీ రైల్‌కి 1995 నుంచి అమెరికా సైన్యం రాసిపెట్టిన కొలతలున్నాయి. ఆర్కాకి అలా అందరూ ఒప్పుకున్న కొలత పత్రం లేదు. ఒక్కో తయారీదారు రైల్ వెడల్పు, అంచు వాలు కొద్దికొద్దిగా తేడాగా ఉంటాయి. మరతో తిప్పి బిగించే క్లాంప్ ఆ తేడాలని సర్దుకుంటుంది. లివర్‌తో ఒక్క దెబ్బలో మూసే క్లాంప్ దవడలు ఎప్పుడూ ఒకే దూరం కదులుతాయి. కాబట్టి ఒక రైల్ మీద బిర్రుగా పట్టింది ఇంకో రైల్ మీద మూసుకోదు, లేదా మూసుకుని కూడా లూజుగా ఉంటుంది. లివర్ కావాలంటే రైల్, క్లాంప్ ఒకే చోట తయారైనవి తీసుకోవాలి, లేదా దవడ దూరం సరిచేసుకునే వీలున్న లివర్ చూడాలి. లూజు క్లాంప్ కింద ఎంత మంచి కాళ్లున్నా లాభం లేదు.

రైల్ లేని రైఫిల్‌కి, స్టాక్‌ని (బ్యారెల్‌ని మోసే చట్రాన్ని) రెండు రబ్బరు దవడల మధ్య పట్టుకునే శాడిల్ రకం ఉంది. పట్టు కొంచెం మెత్తగా ఉంటుంది కానీ పని నడుస్తుంది. ప్లాస్టిక్ స్టాక్ ముందు భాగం మెత్తనిదైతే, గట్టిగా బిగించినప్పుడు అది వంగి బ్యారెల్‌కి తగలకుండా చూసుకోవాలి. కాగితం ముక్క బ్యారెల్ కింద నుంచి జారుతుందో లేదో చూస్తే సరిపోతుంది.

క్లాంప్‌ని రైఫిల్ మీద ఎక్కడ బిగించాలన్నదానికి జవాబు: రైఫిల్ తూకం తేలే చోట, లేదా దానికి కొంచెం ముందు. అక్కడ బిగిస్తే చేతులు వదిలినా రైఫిల్ ముక్కు దించదు, బట్ దించదు. కాల్చే మనిషి బరువు మోయనక్కర్లేదు, గురి మాత్రం సరిచేసుకుంటే చాలు. కండరాల వణుకు సగం అక్కడే తగ్గిపోతుంది. రైల్ పొడవుగా ఉండటం వల్ల లాభం ఇదే.

ఎత్తు లెక్క కూడా కాగితం మీద వేసుకోవాలి. 175 సెంటీమీటర్ల మనిషి కాళ్లు కొంచెం ఎడం చేసి ముందుకి ఒరిగితే కన్ను సుమారు 153 దగ్గర ఉంటుంది. స్కోప్ మధ్య నుంచి స్టాక్ అడుగు దాకా 12, హెడ్‌కీ క్లాంప్‌కీ 10 తీసేస్తే కాళ్లు 130 దాకా రావాలి. సమతలంగా ఉన్న నేల లెక్క ఇది. వాలు మీద పల్లం వైపు కాలు ఇంకా సాగాలి కాబట్టి 15 సెంటీమీటర్లు అదనంగా ఉంచుకోవడం మంచిది. అంతకన్నా ఎత్తు కొంటే మోత తప్ప ప్రయోజనం లేదు. కాళ్లు చాచేటప్పుడు లావు సెక్షన్లనే ముందు చాచాలి, సన్నవాటిని అవసరమైనంతే. బురదలో మాత్రం లాక్‌లోకి మన్ను పోకుండా ఉండాలని కొందరు అడుగు సెక్షన్‌ని చాచి పైదాన్ని ముడుస్తారు. అక్కడ కుదురు కొంచెం పోయినా లాక్ బతుకుతుంది.

కాళ్లు ఎటు పెట్టాలన్నది రేంజ్‌లో తెగని వాదన. జ్యామితి చెప్పేది సూటిగా ఉంది. మూడు పాదాలు సమభుజ త్రిభుజమైతే, మధ్య నుంచి మూలకి ఉన్న దూరం, మధ్య నుంచి అంచుకి ఉన్న దూరానికి రెట్టింపు. ఒక కాలు టార్గెట్ వైపు పెడితే ముందుకి ఒరిగే మనిషిని అది గట్టిగా ఆపుతుంది. రెండు కాళ్లు టార్గెట్ వైపు పెడితే కాల్చేవాడి వైపు వచ్చే ఒంటి కాలు రీకాయిల్‌కి ఎక్కువ ఎదురు నిలుస్తుంది కానీ, ముందుకి ఒరగడానికి జాగా సగమే. బాగా ఒరిగి కాల్చేవాళ్లకి మొదటిదే నప్పుతుంది. అయితే ఒరగడానికీ హద్దుంది. ట్రైపాడ్‌ని స్ప్రింగులా వంచి పట్టుకుంటే, తూటా వెళ్లగానే ఆ వంపు విడుదలై స్కోప్‌లో దృశ్యం ఎగిరిపోతుంది. 800 మీటర్లకి తూటా చేరడానికి 6.5 క్రీడ్‌మోర్ లాంటి తూటా వాడే రైఫిల్‌కి సెకనుకు పైనే పడుతుంది. ఆ సెకనులో స్కోప్ మళ్లీ కుదురుకుంటేనే తూటా ఎక్కడ తగిలిందో కంటితో చూసి తర్వాతి గుండు సరిదిద్దుకోవచ్చు. మంచి ట్రైపాడ్ విలువ ఎక్కువగా తెలిసేది ఈ రెండో గుండులోనే.

పాదాలకి గట్టి నేల మీద రబ్బరు, మట్టిలో ఇనుప మొన. రెండూ మార్చుకునే వీలుంటే చాలు. గాలిలో కింద సంచి వేలాడదీసేవాళ్లు అది నేలకి కాస్త తగిలేలా చూడాలి. గాలిలో ఊగే సంచి తన ఊపుని ట్రైపాడ్‌కి కూడా అంటిస్తుంది.

కొనే చోటో స్నేహితుడి ట్రైపాడ్ మీదో చివరి పరీక్ష చేసి చూడాలి. రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి చూసి, దాన్ని మూసే బోల్ట్‌ని తెరిచి ఉంచి, సురక్షితమైన దిక్కుకి తిప్పి బిగించాలి. స్కోప్‌ని పూర్తి పవర్‌కి పెట్టి, దూరంగా ఉన్న ఒక మచ్చ మీద రెటికిల్ (స్కోప్ లోపలి గురి గీతలు) నిలపాలి. బ్యారెల్ మీద ఒక వేలితో తట్టాలి. రెటికిల్ ఎంత దూరం ఊగింది, ఎన్ని ఊపులకి ఆగింది, ఆగాక అదే మచ్చ మీదికి వచ్చిందా అన్న మూడూ చూడాలి. ఎక్కువ ఊగితే కాళ్లు సన్నం. చాలాసేపు వణికితే వణుకు అణిగే గుణం తక్కువ. ఆగాక మచ్చ పక్కన నిలిస్తే ఏదో ఒక బిగింపు జారింది, అదెక్కడో వేలు పెట్టి వెతకాలి. మూడింటిలో చివరిదే చెడ్డది. మొదటి రెండూ ఎత్తు తగ్గిస్తే తగ్గుతాయి. జారుడు ఏ ఎత్తులోనూ పోదు. ఈ పరీక్షలో రైఫిల్‌ని ట్రైపాడ్ మీద వదిలేసి పక్కకి పోకూడదు. 10 కిలోల బరువు అంత ఎత్తున ఉంటే, ఒక కాలికి ఎవరి కాలో తగిలినా చాలు పడిపోవడానికి.

కొన్నాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. రీకాయిల్, కారు కుదుపులు కలిసి స్క్రూలని నెమ్మదిగా తిప్పేస్తాయి. కాళ్ల కీళ్లు, హెడ్ అడుగు, క్లాంప్ దగ్గర ఒక్కో స్క్రూని సరిగ్గా బిగించాక, స్క్రూ తల మీదుగా పక్క లోహం మీదికి పెయింట్ పెన్నుతో సన్నటి గీత గీయాలి. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొదటి తూటాకి ముందు ఆ గీతలన్నీ ఒకసారి చూడాలి. ఏ గీతయినా రెండు ముక్కలై పక్కకి జరిగి ఉంటే, ఆ స్క్రూ వదులైందని అర్థం.